నా పొయ్యి వంతు

వెదురు కట్టె కాలేటప్పుడు చప్పుడు చేస్తుంది. కణుపు లోపల గాలి ఉంటుందేమో, మంట తగలగానే టప్ మని పేలుతుంది. ఆ చప్పుడును ఇన్నేళ్లుగా మోస్తున్నాను. నీళ్ల బిందె మోశాను, గడ్డి మోపు మోశాను, మొగుడి శవం వెంట కుండ మోశాను. అవన్నీ దించాను. ఇది మాత్రం దిగలేదు.

నాకు రాయడం రాదు. పేరు వరకు వస్తుంది. అది కూడా బడి గోడ పక్కన నిలబడి పిల్లల అరుపులు విని నేర్చుకున్నదే. కానీ ఇక్కడ ఆ పేరు రాయించను. రాస్తున్నది మా ఇంట్లో కిరాయికున్న టీచరమ్మ. నేను చెబుతుంటే రాస్తోంది. మాట మార్చొద్దని చెప్పాను. నా గొంతు బొంగురు, అందుకని మధ్య మధ్యలో మళ్లీ అడుగుతోంది. ఈ గొంతు పుట్టుకతో ఇలా లేదు. రోడ్డు మీద అరిచి అరిచి ఇలా అయింది. ఎందుకు అరిచానో కూడా చెబుతాను.

నువ్వెవరివో నాకు తెలియదు. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను. తెలిసిన వాళ్లకు చెప్పబోయి ఎన్నిసార్లు నోరు మూసుకున్నానో.

మా ఊరు సూర్యాపేటకూ కోదాడకూ నడుమ, బెజవాడ పోయే పెద్ద రోడ్డు పక్కన ఉంటుంది. మిలిటరీ వచ్చి నైజాం రాజ్యం పోయిన మరుసటేడు సంగతి ఇది. అంతకు ముందు ఆ రోడ్డు మీద ఎడ్లబండ్లు పోయేవి, పొద్దుకొక బస్సు పోయేది. కోళ్లు కూడా తాపీగా దాటేవి. మిలిటరీ వచ్చాక లారీలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి. దుమ్ము లేస్తే ఎదుటి మనిషి కనపడడు. వాళ్లకు మన ఊరు ఊరని కూడా తెలియదు, ఆగేవాళ్లు కాదు.

ఆ ఏడే మాకు తెలుగు బడి వచ్చింది. ఊళ్లో ఎవరూ జాగా ఇవ్వలేదు. రోడ్డుకు అవతల లెవీ ధాన్యం పోసే గోదాం ఖాళీగా ఉంటే అందులో పెట్టారు. పంతులు ఆంధ్ర వైపు నుంచి వచ్చినవాడు. మెత్తటి మనిషి. లారీ కమాను ముక్క ఒకటి వేలాడదీసి దాన్నే గంటగా కొట్టేవాడు. పిల్లలు పొద్దున రోడ్డు దాటి పోవాలి, మధ్యాహ్నం తినడానికి ఇవతలికి రావాలి, మళ్లీ పోవాలి, మళ్లీ రావాలి. ఒకరోజు ఒక మేక లారీ కింద పడింది. దాని వెనకే ఒక పిల్లవాడు ఉన్నాడు. వాడు బతికాడు గాని పంతులు ఆ రోజు అన్నం తినలేదట. సాయంత్రం చావడి దగ్గరికి వచ్చి, రోడ్డు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి అని అందరినీ బతిమాలాడు.

మనిషిని నిలబెట్టడానికి ఎవరూ కాదనలేదు. వాడికి కూడు ఎవరు పెట్టాలి? అక్కడ వచ్చింది పేచీ.

"సర్కారు బడి. సర్కారే పెట్టాలె. నడుమ మనకేంది?" అన్నాడు పటేలు.

"సర్కారుకు రాశానండీ. జవాబు లేదు. నా జీతమే ఇంకా రాలేదు, కావలి మనిషికి ఏమిస్తారండీ?" అన్నాడు పంతులు.

"లారీలు ఎవనియో ఆడే ఇయ్యాలె. పిల్లల మీదికొచ్చేది ఆని బండ్లే గద" అన్నారు వెనక నుంచి ఎవరో.

"పోయి మిలిటరోన్ని అడుగరాదూ. తుపాకి గొట్టంతోని కొలిచి పోస్తడు."

అందరూ నవ్వారు. నేను గోడ చాటున ఆడవాళ్లతో నిలబడి ఉన్నాను. నేనూ నవ్వాను.

"పిల్లలను తోలేటోల్లే పెట్టుకోవాలె. లేనోల్లకేం పట్టింది?" అన్నాడు ఒకడు. దానికి చాకలి రాములమ్మ గయ్యిమని లేచింది. "నాకు నలుగురు పోతున్నరు. నాలుగు పూటలు నేనే పెట్టాల్నా? గట్లయితే రేపటి సంది మానిపిస్త. బర్ల కాడికి పోతరు, నాకే ఫాయిదా."

పంతులు మొహం పాలిపోయింది. "అమ్మా, అంత మాట అనకండి" అన్నాడు.

చివరికి పటేలు తెగ్గొట్టాడు. "పొయ్యికొక పూట. ఊర్ల ఎన్ని పొయ్యిలుంటే అన్ని పూటలు. పిల్లలున్నరా లేరా అని అడిగేది లేదు. వంతు తప్పిన పొయ్యి మల్ల వారం రెండు పూటలు పెట్టాలె. ఇగ ఖతం."

నాకు బిడ్డలు లేరు. పెళ్లయిన నాలుగో ఏడు మొగుడు చలిజ్వరంతో పోయాడు. మొగుడు పోయిన ఏడాది తిరగకముందే మరిది, తోటికోడలు నన్ను వేరుపెట్టారు. దొడ్లో ఒక గుడిసె, ఒక పొయ్యి, రెండు కుండలు. ఒక ఇంటి మనుషులమే, కానీ పొయ్యి వేరు. ఆ పొయ్యి నాకు ఇచ్చినప్పుడు అది నాకు హక్కు కాదు, వెళ్లగొట్టడం. ఇప్పుడు ఊరి లెక్కలో అదే ఒక ఇల్లు అయింది.

నేను నోరు తెరిచాను. "నాకు బిడ్డల్లేరు గద పటేలా" అన్నాను.

నా తోటికోడలు నర్సమ్మ పక్కనుంచే అంది. "బిడ్డల్లేకుంటేంది? పొయ్యి ఉన్నది గదక్కా."

మళ్లీ నవ్వు. ఈసారి నేను నవ్వలేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, తప్పు నా ఒక్కదానిది కాదని అనిపించుకోవడానికి కాదు. కాదా? ఏమో. కొంత అదే కావచ్చు. ఇన్నేళ్లూ నాలో నేను వాదించుకున్నప్పుడల్లా ఈ నవ్వు దగ్గరే మొదలుపెట్టాను. టీచరమ్మా, ఇది కూడా రాయి.

నిలబడ్డవాడు సామేలు. కిరస్తానం పేటలో ఉండేవాడు. ఊరి దొర దగ్గర బండి తోలేవాడు. భూముల గొడవల్లో దొర సూర్యాపేటకు పారిపోయాడు, ఎడ్లు కూడా పోయాయి. సామేలుకు పని లేకుండా పోయింది. పొడుగు మనిషి. పిల్లలను దాటించడానికి ఒక పద్ధతి పెట్టుకున్నాడు. బండి నొగ కన్నా పొడుగుండే వెదురు కర్ర ఒకటి తెచ్చి రోడ్డు అంచున పిల్లలకు అడ్డంగా నడుము ఎత్తున పట్టుకునేవాడు. పిల్లలందరూ దాని వెనక నిలబడి చేతులు కర్ర మీద వేయాలి. వాడు రెండు వైపులా చూసి, చెవి పెట్టి విని, అప్పుడు కర్రతో పాటు కదిలేవాడు. కర్ర నడిస్తే పిల్లలు నడిచేవాళ్లు, కర్ర ఆగితే ఆగేవాళ్లు. మాదిగ పిల్లలు, రెడ్ల పిల్లలు అందరి చేతులూ ఆ ఒక్క కర్ర మీదే. మొదట్లో కొందరు పెద్దలు గొణిగారు. తర్వాత మానుకున్నారు. అట్లా అలవాటైపోయిన పిల్లలు ఆ కర్ర లేకుండా రోడ్డు దాటడం మరిచిపోయారు.

పొద్దున పిల్లలను దాటించాక వాడు వంతు ఇంటికి వచ్చి, దడి బయట నిలబడి పిలిచేవాడు. వాకిట్లో ఒక మూల కూర్చుంటే మోదుగాకు విస్తట్లో పైనుంచి వడ్డించేవాళ్లు. తిన్నాక విస్తరి తీసుకుని, కూర్చున్న జాగా పెండనీళ్లతో అలికి పోవాలి. వాడి కులపోళ్లు తిన్న చోటు ఇంటివాళ్లు ముట్టుకోరు. అప్పటి రివాజు అది. నేను కొత్తగా పెట్టింది కాదు. కానీ గంట కొడితే మాత్రం ఏ ఇల్లాలైనా "నువ్వు పోరా, తర్వాత అలుకుదువు" అనేదని విన్నాను.

నా మొదటి వంతు వచ్చినప్పుడు నేను తలుపు తీయలేదు. గింజలు లేక కాదు. ఉన్నాయి. లోపల కూర్చుని వాడు పిలవడం విన్నాను. పిలిచాడు, ఆగాడు, మళ్లీ పిలిచాడు, పోయాడు. మర్నాడు పటేలు అడిగితే "తిన్న దొరా, మంచిగనే పెట్టింది" అని చెప్పాడట. ఆ సంగతి నాకు వాడే చెప్పాడు, బావి దగ్గర దూరంగా నిలబడి. "అమ్మా, నేను తిన్నననే చెప్పిన. నిన్నెవలన్న అడిగితే నువ్వు గూడ అదే చెప్పు. ఇద్దరం ఒక్క మాట మీదుండాలె" అని నవ్వాడు.

నాకు కృతజ్ఞత కలగాలి కదా. కోపం వచ్చింది. ఊళ్లో అందరికన్నా కింద ఉన్నవాడు నా మీద జాలి పడ్డాడని కోపం. ఆకలితో ఎండలో నిలబడ్డ మనిషి మీద కోపం. ఇంత చిన్న బుద్ధి నాకు ఎక్కడి నుంచి వచ్చిందో.

రెండో వంతు రోజు.

పొద్దున నీళ్ల బిందెతో వస్తున్నాను. నర్సమ్మ కూతురు లచ్చువు పలక చంకన పెట్టుకుని బయటికి వచ్చింది. ఏడేళ్ల పిల్ల. నన్ను చూసి "పెద్దమ్మా" అంటూ రెండు అడుగులు నా వైపు వేసింది. దానికి నేనంటే ఇష్టం. దొంగతనంగా వచ్చి నా దగ్గర వేయించిన జొన్నలు తినేది. నర్సమ్మ లోపలి నుంచి ఉరికి వచ్చి పిల్ల జబ్బ పట్టి వెనక్కి గుంజింది. తు తు అని ఉమ్మింది. పిల్లను గడప లోపల కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, కాసేపు ఆగి మళ్లీ బయలుదేరదీసింది. మొగుడు చచ్చినదాని మొహం ఎదురైతే అట్లా చేయాలి. ఆమె నా మీద కసితో చేసింది కాదు. పిల్లకు మంచి జరగాలని చేసింది. ఇప్పుడు ఆ సంగతి తెలుసు. అప్పుడు బిందె దించకుండా అక్కడే నిలబడి చూశాను.

నా మొహం వద్దు. నా పొయ్యి మీది కూడు కావాలి. ఎవరి పిల్లల కోసం? ఈ పిల్లల కోసం. పొద్దటి నుంచీ అదే మాట నమిలాను. నములుతూ జొన్న గటక వండాను.

సామేలు వచ్చాడు. వెదురు కర్రను దడికి లోపల గోడకు ఆనించి, మూల కూర్చున్నాడు.

"అమ్మా, సామేలును. ఇయ్యాల మీ వంతు."

"ఎరుకే. ఉడకలే. కూసో."

ఉడికింది. కుండ దించి మూత పెట్టి ఉంది. ఆవిరి పోతోంది. నేను దాని ముందు కూర్చుని చేటలో లేని రాళ్లు ఏరుతున్నాను.

"అమ్మా, యాల్లయితున్నది. ఉత్త గంజి పోసినా సాలు."

"గంజి పోస్తే రేపు ఊరేమంటది? ముండమోపి గంజి పోసిందంటరు. కూసో."

"ఎవ్వలనరు. నేను చెప్తనా?"

"నువ్వు చెప్పకుంటే నాకు మెహర్బానియా?"

కొంచెం సేపటికి వాడి కడుపు చప్పుడు నాకు వినపడింది. నిజంగా వినపడింది. అప్పుడు లేచి వడ్డించాను. మరీ వేడిగా ఉంది, వాడు ఊదుకుంటూ, వేళ్లు కాలుతుంటే విదిలిస్తూ తొందర తొందరగా తింటున్నాడు. నాలుగు ముద్దలు తిన్నాడో లేదో రోడ్డు అవతల పంతులు గంట కొట్టాడు.

సామేలు విస్తరి మడిచి లేచాడు.

"ఆ జాగ ఎవలు అలుకుతరు? నేనా?" అన్నాను.

"అమ్మా, పిల్లలొస్తరు. దాటిచ్చి ఉరికొస్త."

"అలికి పో."

రెండు మాటలు. ఆ రెండు మాటలు అన్నప్పుడు నాకు ఎట్లా ఉండిందో చెప్పాలి, చెప్పకపోతే ఇదంతా దండగ. హాయిగా ఉండింది. నేను చెబితే వినే మనిషి ఈ భూమి మీద ఒకడున్నాడు. నాలుగేళ్లుగా నన్ను చూసి అందరూ పక్కకు తప్పుకున్నారు, ఇప్పుడు నా మాటకు ఒక పొడుగు మనిషి నేల మీదికి వంగాడు. పెండనీళ్ల ముంత అందించాను కూడా. వాడు గొంతుక్కూర్చుని అలుకుతున్నాడు. ఒక్కసారి తల తిప్పి రోడ్డు వైపు చూశాడు. కోదాడ దిక్కు నుంచి లారీ చప్పుడు వినిపించింది. వాడు అట్లాగే, తడి చేతితోనే, దడి తోసుకుని ఉరికాడు. కర్ర గోడకే ఉండిపోయింది.

తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు. చూసినవాళ్లు చెప్పారు. పిల్లలు రోడ్డు అంచున ఆగే ఉన్నారట. కర్ర రాలేదు. ఎండ. ఆకలి. ఉరికి వస్తున్న సామేలును చూసి పిల్లలు, వాడు వచ్చాడు కాబట్టి దాటొచ్చు అనుకున్నారట. ముందున్న పిల్ల కదిలింది. సామేలు చేతులు ఊపుతూ "ఆగుండ్రి, ఆగుండ్రి" అని అరిచాడట. రమ్మంటున్నాడు అనుకుంది.

బ్రేకు చప్పుడు నా దాకా వచ్చింది. తర్వాత ఒక కేక. తర్వాత ఊరంతా ఉరకడం. దడి పక్క నుంచి మనుషులు ఉరుకుతున్నారు. నేనూ వాళ్లతో ఉరకాలి. నేను గోడ వైపు చూశాను.

ఇక్కడే నేను ఎప్పుడూ ఆగిపోతాను. "లచ్చువు! నర్సమ్మ బిడ్డ లచ్చువు!" అని ఎవరో అరిచారు. ఆ పేరు విన్నాక నేను కర్ర తీశానా? వినకముందే తీశానా? విన్నాక తీస్తే భయంతో తీశాననుకోవచ్చు. తోటికోడలి బిడ్డను గొడ్రాలు కావాలని చంపించింది అంటారని భయం. వినకముందే తీసి ఉంటే? అప్పుడు ఎవరి బిడ్డ అయినా నాకు ఒకటేనన్న మాట, నా మీదికి రాకుంటే చాలన్న మాట. ఎన్నిసార్లు ఆ వాకిట్లోకి తిరిగి పోయి నిలబడ్డానో. ఒక్కోసారి పేరు ముందు వినపడుతుంది, ఒక్కోసారి కర్ర ముందు చేతిలో ఉంటుంది. నాకు నిజంగా తెలియదు.

కర్రను రాయి మీద పెట్టి కాలితో విరిచాను. ముక్కలు పొయ్యిలో పెట్టాను. ఎండు వెదురు, ఇట్టే అంటుకుంది. కణుపులు పేలడం మొదలుపెట్టాయి. టప్. టప్. బయట మనుషులు విన్నారేమోనని చేటను పొయ్యి ముందు అడ్డం పెట్టాను, చప్పుడు చేటకు ఆగుతుందా? రోడ్డు మీద నర్సమ్మ ఏడుపు, ఇక్కడ కణుపులు. రెండూ కలిసి వినిపించాయి. ఇప్పటికీ విడివిడిగా వినలేను.

ఆ లారీ వాళ్లే పిల్లను, నా మరిదిని ఎక్కించుకుని సూర్యాపేట దవాఖానకు పోయారు. దారిలోనే పోయింది. పొద్దుగూకే వేళకు బండిలో తెచ్చారు.

మర్నాడు చావడి దగ్గర ఊరంతా కూడింది. సామేలును నిలబెట్టారు. వాడి పెదవి పగిలి ఉంది. నా మరిది కొట్టాడు.

"గంట కొట్టినంక ఏడున్నవ్ రా?" అని అడిగాడు పటేలు.

"వంతు కూటికి పోయిన దొరా. ఆ అమ్మ ఇంటికి" అని నా వైపు చూపాడు.

"కర్ర ఏది?"

"ఆడనే, గోడకు ఆనిచ్చిన."

పటేలు నన్ను ముందుకు పిలిచాడు. మొగుడు పోయాక నేను అంతమంది మధ్య నిలబడింది అదే మొదలు. నర్సమ్మ నేల మీద పడి ఉంది, జుట్టు విరబోసుకుని. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు. ఆమెకు ఏదీ కనపడటం లేదు.

"సామేలు నిన్న మీ ఇంటికొచ్చిండా?" అన్నాడు పటేలు.

"రాలేదు" అన్నాను.

"అమ్మా!" అన్నాడు సామేలు. గట్టిగా అనలేదు. నేను మరిచిపోయానేమో, గుర్తుచేద్దాం అన్నట్టు అన్నాడు. "అమ్మా, జర సెప్పు. వేడి గటక పెట్టినవ్ గద. అలికిపిచ్చినవ్ గద."

"నేను పెట్టలే. నా ఇంటికి రాలే."

పటేలు కింద పనిచేసే సుంకరిని పంపారు మా ఇంటికి. వాడు పోయి వచ్చి, "కర్ర గిర్ర ఏం లేదు పటేలా. పొయ్యిల ఇంత బూడిద" అన్నాడు. పొయ్యిలో బూడిద కాక ఏముంటుంది అని ఎవరో అన్నారు. ఇగ తలా ఒక మాట. కల్లు తాగి పడి ఉంటాడు అన్నారు. కర్రను కల్లు కాంపౌండ్లో మరిచి ఉంటాడు అన్నారు. వాడు కల్లు ముట్టడని ఊరందరికీ తెలుసు. అయినా నమ్మారు. నమ్మడం సులువు కాబట్టి నమ్మారు. పంతులు ఒక్కడే "ఆయన తాగడండీ" అని మెల్లగా అన్నాడు, ఎవరూ వినలేదు, మళ్లీ అనలేదు.

మొదటి వంతు రోజు నేను పస్తు పెట్టిన సంగతి సామేలు అప్పుడు చెప్పొచ్చు. ఈమె ఇంతకు ముందు కూడా ఇట్లాగే చేసింది, నేనే దాచాను అని చెప్పొచ్చు. చెబుతాడేమోనని నా ఒళ్లంతా చెవులై నిలబడ్డాను. చెప్పలేదు. నా వైపు చూశాడు. "ఇగ నేనేం సెప్పాలె" అన్నాడు.

ఊళ్లో ఉండొద్దన్నారు. ఆ వారంలోనే వాడు, భార్య, పిల్లలు మూటలు నెత్తిన పెట్టుకుని కోదాడ దిక్కు పోయారు. రోడ్డు దాటేటప్పుడు వాడు చేయి అడ్డంగా చాపాడు. కర్ర లేదు. వాడి పిల్లలు ఆ చేయి పట్టుకుని దాటారు. నేను దడి సందులోంచి చూశాను.

మళ్లీ పాత పేచీ మొదలైంది. ఎవరు నిలబడాలి, ఎవరు పెట్టాలి? ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. నిలబడే ధైర్యం ఎవరికీ లేదు. అప్పుడు నేను అన్నాను, నేను నిలబడతానని. ఎందుకన్నానంటావు? పాపం కడుక్కోవాలనా? అట్లా చెప్పుకుంటే బాగుంటుంది. నేను ఇంట్లో కూర్చుంటే కణుపులు పేలుతున్నాయి, అంతే. రోడ్డు మీద లారీల చప్పుడులో అది వినపడదు.

కర్ర పట్టలేదు. పట్టలేకపోయాను. గొంతుతోనే ఆపేదాన్ని. "ఆగుండ్రి!" అని లారీలకు వినపడేట్టు అరిచేదాన్ని. ఈ బొంగురు అక్కడిది.

ఇక్కడి నుంచి వినేది ఇంకా కష్టంగా ఉంటుంది నీకు. ఊరు నన్ను మెచ్చుకుంది. మంచి మనసు అన్నారు. తోటికోడలి బిడ్డ పోయిందని ఊరి బిడ్డలను కాస్తోంది అన్నారు. పొద్దున్నే నా మొహం చూస్తే వెనక్కి తిరిగి నీళ్లు తాగేవాళ్లే పిల్లల చేతులు తెచ్చి నా చేతిలో పెట్టారు. పొయ్యికొక పూట నాకే పెట్టారు. గడప లోపలికి పిలిచి పీట వేసి పెట్టారు. అలకమని ఎవరూ అనలేదు. అది సామేలు కూడు. వాడికి రావలసిన పూటలన్నీ నేను తిన్నాను.

నర్సమ్మ వంతు వచ్చిన రోజు ఆమె స్వయంగా వడ్డించింది. నేను తింటుంటే ఎదురుగా కూర్చుని చూసింది. "అక్కా, ఆ దినం గూడ నువ్వే నిలబడి ఉంటే నా బిడ్డ బతికేది" అంది. నోట్లో ముద్ద ఉంది. మింగాను. ఇంకా పెట్టమంటావా అని అడిగితే తల ఊపాను కూడా. నర్సమ్మ చనిపోయేదాకా నన్ను నమ్మింది. చివర్లో నా చేయి పట్టుకునే పోయింది. ఆ చేతికి చెప్పడానికి కూడా నాకు నోరు రాలేదు.

ఒకసారి కోదాడ అంగడికి పోయాను. సామేలు భార్య చీపుర్లు అమ్ముతూ కనపడింది. ఆమె నన్ను గుర్తుపట్టలేదు. "ఎన్ని కావాలె తల్లీ?" అంది. పక్కన ఎవరూ లేరు. అడగొచ్చు, నీ మనిషి ఎట్లున్నాడమ్మా అని. చెప్పొచ్చు. ఒక చీపురు కొనుక్కుని వచ్చాను. అది అరిగేదాకా వాకిలి ఊడ్చాను, ఆ మూల దగ్గరికి పోయినప్పుడల్లా చేయి ఆగేది. ఆ తర్వాత చాలా ఏళ్లకు, కాలువ నీళ్లు వచ్చి మిర్యాలగూడలో బియ్యం మిల్లులు లేచాక, సామేలు అక్కడ బస్తాలు మోస్తున్నాడని ఎవరో అన్నారు. పోయాను. మిల్లు మిల్లూ తిరిగి అడిగాను. ఒకరు నిడమనూరు పోయాడన్నారు, ఒకరు ఎప్పుడో చచ్చిపోయాడన్నారు. అప్పుడు నాకు ఏమనిపించిందో తెలుసా? బాధతో పాటు, సన్నగా, అమ్మయ్య అనిపించింది. అది కూడా నేనే.

ఊరిని అడిగితే లచ్చువును సామేలు చంపాడనే చెబుతారు ఈ రోజుకూ. తాగుబోతు కావలివాడి కథ అని పిల్లలకు చెబుతారు. రోడ్డు దగ్గర పిల్లలు ఉరికితే "సామేలోని లెక్క చేస్తవా" అని తిడతారు. ఆ తిట్టు విన్నప్పుడల్లా నోరు తెరుద్దామనుకున్నాను. ఇప్పుడు చెప్పినా వాడికి ఏమీ తిరిగి రాదు. వాడి పిల్లలు ఎక్కడున్నారో తెలియదు. పిల్ల రాదు. నన్ను క్షమించాల్సినవాళ్లు ఒక్కరూ మిగల్లేదు, మిగిలినా అడగను. నిన్ను కూడా అడగడం లేదు. వింటే చాలు.

టీచరమ్మ రాయడం ఆపి నా వైపు చూస్తోంది. ఆమె మొహం మారింది. రేపటి నుంచి నాతో ఎట్లా మాట్లాడుతుందో తెలియదు. పర్వాలేదు. ఇంకొంచెమే ఉంది, రాయి బిడ్డా. నేను అన్నది అన్నట్టు, మా ఊరి మాటల్లోనే రాయి.

ఆ రోజు పటేలు అడిగాడు, సామేలు మీ ఇంటికొచ్చిండా అని. పటేలు పోయాడు, చావడి కూలిపోయింది, అడిగినవాళ్లు లేరు. అయినా జవాబు చెబుతున్నాను.

వచ్చిండు పటేలా. సామేలు మా ఇంటికొచ్చిండు. యాల్లకే వచ్చిండు. నేనే కూసోబెట్టిన. నేనే అలికిపిచ్చిన. కర్ర మా గోడకే ఉండె.